లారా ఆర్ఎస్‌కి ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చేదానికి సలహా కావాలి (నెల్లూరు)

సింహపురి_ఆర్ఎస్

అన్నలకు నమస్తే. కారు 2012 స్కోడా లారా ఆర్ఎస్, 1.8 టర్బో పెట్రోలు, ఆరు గేర్ల మాన్యువల్. మీటర్లో బ్రేక్ ప్యాడ్ లైటు వెలిగింది. చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తే ముందు బయటి ప్యాడ్లకు ఇంకా మూడు మిల్లీమీటర్ల దాకా మెటీరియల్ కనపడతా ఉంది. లోపలి ప్యాడ్లు సరిగా కనపడలేదు. బ్రేకు పడేదాంట్లో తేడా ఏమీ లేదు, బండి పక్కకు లాగడం లేదు.

ఈ పని ఇంట్లోనే చేద్దామనుకుంటున్నా. ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్గులు మార్చడం అలవాటే. బ్రేకుల జోలికి మాత్రం ఇంతవరకూ పోలేదు. క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) బయటివైపు వంకర తిరిగిన స్ప్రింగ్ తీగ ఒకటుంది, వెనకవైపు రెండు చిన్న మూతలున్నాయి. పోర్టికోలో కడప బండలు పరిచి ఉన్నాయి, గేటు వైపు కొంచెం వాలు ఉంది.

నా అనుమానాలు ఇవి. పిస్టన్ లోపలికి నొక్కేటప్పుడు నిప్పిల్ (క్యాలిపర్‌లోంచి బ్రేక్ ఆయిల్ వదిలే చిన్న మర) తెరవాలా వద్దా? క్యాలిపర్ జారే పిన్నులకు గ్రీజు పెట్టాలా? వేగంగా నడిపే కారు కాబట్టి ట్రాక్ ప్యాడ్లు వేసుకుంటే మేలా, కంపెనీ రకమే చాలా? డిస్కులు కూడా మార్చాలో లేదో ఎట్లా తేల్చుకోవాలి? వెనక ప్యాడ్లు కూడా త్వరలో మార్చాల్సి వచ్చేట్టుంది, వాటి గురించి కూడా చెప్తే మేలు.

---

కావలి_టార్క్

తమ్ముడూ, సామాన్లు కొనేముందు ఒక మాట. ఈ కారులో అరుగుదల సెన్సర్ వైరు ముందు ఎడమ చక్రం లోపలి ప్యాడ్‌లో ఉంటుంది. బయటిదానికి 3 మిల్లీమీటర్లు ఉండగానే లైటు వెలిగిందంటే లోపలిది అంతకన్నా ఎక్కువ అరిగి ఉండాలి. లేదా కనెక్టర్ దగ్గర వైరు తెగి ఉండాలి, కనెక్టర్ లోపలి పిన్ను తుప్పు పట్టి ఉండాలి. ఆ సెన్సర్ ఉత్త వైరు చుట్టే, ఎక్కడ తెగినా లైటు వెలుగుతుంది. చక్రం విప్పగానే ముందు ఆ కనెక్టర్ చూడు.

పాత ప్యాడ్లు విప్పాక పారెయ్యొద్దు. ఏది ఎటువైపుదో మార్కర్‌తో రాసి నాలుగూ వరసగా పెట్టుకో. లోపలిదానికీ బయటిదానికీ ఒక మిల్లీమీటరు తేడా అయితే పట్టించుకోనక్కర్లేదు. రెండు దాటితే క్యాలిపర్ పిన్నుల మీద జారడం లేదని అర్థం. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని తోస్తుంది గానీ, క్యాలిపర్ వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ని లాగలేకపోతోంది. ఒకే ప్యాడ్ ఒక చివర పల్చగా, ఇంకో చివర మందంగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసింది. ఒక చక్రం రెండు ప్యాడ్లూ రెండో చక్రం వాటికన్నా బాగా అరిగితే పిస్టన్ వెనక్కి రావడం లేదు, లేదా రబ్బరు గొట్టం లోపల ఉబ్బి ఆయిల్‌ని తిరిగి రానివ్వడం లేదు. 2012 బండికి ఈ గొట్టం అనుమానం పెట్టుకోవాల్సిందే. పైన చిన్న చిన్న పగుళ్లు కనపడినా మార్చెయ్. ఇవి తేల్చుకోకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవి కూడా అట్లాగే అరుగుతాయి.

కొనాల్సినవి: ముందుకు ఒక సెట్టు ప్యాడ్లు (నాలుగు వస్తాయి, ఒకదానికి సెన్సర్ వైరు ఉండాలి), అర లీటరు బ్రేక్ క్లీనర్ డబ్బాలు రెండు, వైరు బ్రష్, ఆరంగుళాల సీ క్లాంప్, 7 ఎంఎం అలెన్ బిట్టు, టార్క్ రెంచ్, జాక్ స్టాండ్లు రెండు, నైట్రైల్ గ్లౌజులు, మాస్కు, కాస్త బైండింగ్ తీగ. ఇంకా అధిక వేడి తట్టే సెరామిక్ పేస్టు చిన్న పొట్లం ఒకటి. ప్యాడ్లు కొనేటప్పుడు కారు పేరు చెప్పి ఊరుకోవద్దు. ఈ కార్లలో బ్రేకు సైజులు ఒకటికి మించి ఉన్నాయి. స్టెప్నీ గుంటలో, సర్వీస్ బుక్కులో అంటించిన స్టిక్కరు మీద పీఆర్ కోడ్లు (బండికి ఏ రకం భాగాలు వేశారో చెప్పే కంపెనీ కోడ్లు) ఉంటాయి, ఛాసిస్ నంబరుతో పాటు అవి ఇచ్చి పార్ట్ నంబర్ తీసుకో.

ట్రాక్ ప్యాడ్ల గురించి. నువ్వు చెప్పిన క్యాలిపర్ ఏటీఈ వాళ్ల రకం. ఏటీఈ, టెక్స్‌టార్, టీఆర్‌డబ్ల్యూ, ఈ మూడింట్లో ఏదైనా రోడ్డుకి చాలు. ఫెరోడో డీఎస్2500 లాంటివి వేడెక్కినా పట్టు వదలని మంచి ప్యాడ్లే. కాకపోతే కీచుమంటాయి, చక్రాలంతా నల్ల దుమ్ము చేస్తాయి, డిస్కుని త్వరగా తింటాయి. మద్రాసు రోడ్డు మీద తిరిగే కారుకి వాటితో పని లేదు. నీకు గట్టి బ్రేకు కావాలంటే ఆ డబ్బుతో బ్రేక్ ఆయిల్ మార్చు, ఎక్కువ లాభం.

ఇంక బండి లేపడం. కడప బండ కింద చాలా ఇళ్లలో ఇసుకే, అక్కడక్కడ గుల్ల ఉంటుంది. జాకీ ఇనుప చక్రాల బరువంతా నాలుగు చుక్కల మీద పడి బండ పగిలిందంటే జాకీ ఒరుగుతుంది. ముందు బండని సుత్తి పిడితో తట్టి చూడు, డొల్ల శబ్దం వచ్చిన చోట పెట్టొద్దు. జాకీ కింద, స్టాండ్ల కింద 18 ఎంఎం ప్లైవుడ్ ముక్కలు వెయ్యి.

ఆ వాలు ఇంకా ముఖ్యం. ఇది ముందు చక్రాలతో నడిచే బండి. ఒక ముందు చక్రం గాల్లోకి లేచిందంటే గేర్లో పెట్టినా బండి ఆగదు, డిఫరెన్షియల్ వల్ల గాల్లో చక్రం వెనక్కి తిరుగుతూ నేల మీద చక్రాన్ని కదలనిస్తుంది. అప్పుడు బండిని పట్టుకునేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. కాబట్టి హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, వెనక రెండు చక్రాలకూ వాలు వైపున చెక్క దిమ్మలు కొట్టాలి. వీలైతే వీధిలో సమంగా ఉన్న సిమెంటు రోడ్డు మీద చేసుకో. డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చేదానికి మాత్రమే. స్టాండు పెట్టకుండా దాని మీద బండి నిలబెట్టి క్యాలిపర్ విప్పొద్దు.

పని వరస చెప్తా. చక్రం బోల్టులు నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చెయ్. ఒకటి లాక్ బోల్టు ఉంటే దాని అడాప్టర్ టూల్‌కిట్‌లో ఉందో లేదో ముందురోజే చూసుకో. బండి లేపి, కారు గుమ్మం (డోర్ల కింది అంచు) కింద గుర్తు ఉన్న చోట స్టాండు పెట్టి, విప్పిన చక్రాన్ని కూడా గుమ్మం కిందకి తోసి పెట్టు. క్యాలిపర్ వెనక భాగం బయటికి వచ్చే వైపుకి స్టీరింగ్ తిప్పుకో.

బయటి స్ప్రింగ్ తీగని స్క్రూడ్రైవర్‌తో ఎత్తేటప్పుడు రెండో చేత్తో గుడ్డ అడ్డం పెట్టి పట్టుకో, ఎగిరి కంట్లో కొడుతుంది. వెనక మూతలు తీస్తే 7 ఎంఎం అలెన్ పిన్నులు కనపడతాయి. అలెన్ గుంటలో మట్టి ఉంటే క్లీనర్‌తో కడిగి బిట్టు అడుగు దాకా దిగిందని చూసుకున్నాకే తిప్పు, లేకపోతే గుంట గుండ్రమైపోతుంది. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి క్యాలిపర్ పైకెత్తి, కాయిల్ స్ప్రింగ్‌కి బైండింగ్ తీగతో వేలాడదియ్యి. రబ్బరు గొట్టం మీద దాని బరువు ఒక్క క్షణం కూడా పడకూడదు.

లోపలి ప్యాడ్ వెనక మూడు కాళ్ల క్లిప్పు ఉంటుంది, అది పిస్టన్ గుంటలో కూర్చుంటుంది. బయటిది క్యారియర్‌లో (క్యాలిపర్‌నీ ప్యాడ్లనీ మోసే ఇనుప చట్రం) నిలబడుతుంది. కొన్ని కొత్త ప్యాడ్ల వెనక జిగురు కాగితం ఉంటుంది, దాన్ని పీకి క్యాలిపర్ ముఖాన్ని శుభ్రంగా తుడిచి అంటించాలి. కాగితం అట్లాగే ఉంచి బిగిస్తే కీచు శబ్దం గ్యారంటీ. ప్యాడ్ మీద బాణం గుర్తుంటే అది బండి ముందుకు పోయేటప్పుడు డిస్కు తిరిగే దిక్కుకి ఉండాలి.

ఎక్కువ సేపు పట్టాల్సింది క్యారియర్ శుభ్రానికి. ప్యాడ్ చెవులు జారే గాడిలో తుప్పు పొర కడుతుంది. వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, కొత్త ప్యాడ్‌ని చేత్తో పెట్టి జరిపి చూడు. వేళ్లతో తోస్తే జారాలి. సుత్తితో కొట్టి దించాల్సి వస్తే గాడి ఇంకా శుభ్రం కాలేదు. పెయింటు మందంగా ఉందని ప్యాడ్ చెవిని ఆకురాయితో ఎడాపెడా రుద్దొద్దు. చెవి ఆనే చోట సెరామిక్ పేస్టు పల్చటి పొర చాలు. అది ప్యాడ్ ముఖం మీద గానీ డిస్కు మీద గానీ అంటకూడదు.

బిగింపు: పిన్నులు 30 న్యూటన్ మీటర్లు, చక్రం బోల్టులు 120, నక్షత్రం వరసలో, బండి నేల మీదకి దించాక. ఇంజన్ వేసేముందే పెడల్ గట్టిపడేదాకా నెమ్మదిగా తొక్కాలి. ఇది మర్చిపోతే మొదటిసారి పెడల్ నేలకి పోతుంది, బండి ఆగదు. నీ వాలు పోర్టికోలో నేరుగా గేటుకి తగులుతుంది.

నిప్పిల్ సంగతి: నేనైతే తెరుస్తాను. నిప్పిల్‌కి పారదర్శక పైపు తొడిగి, పైపు చివర కొత్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచి, పిస్టన్ నొక్కేటప్పుడు అర చుట్టు వదిలి, నొక్కడం ఆపకముందే మూసెయ్యాలి. క్యాలిపర్‌లో ఏళ్లుగా నిలబడిన మురికి ఆయిల్ వెనక్కి ఏబీఎస్ మాడ్యూల్‌లోకి పోకుండా ఉంటుంది.

---

ఒంగోలు_గేర్‌బాక్స్

కావలి అన్న చెప్పినదంతా సరే, నిప్పిల్ దగ్గర మాత్రం నాది వేరే మాట. మొదటిసారి బ్రేకు విప్పే మనిషి, పన్నెండేళ్లు దాటిన బండి, సముద్రపు గాలి తగిలే ఊరు. ఆ నిప్పిల్ తుప్పుతో పట్టేసి ఉంటే పానా వేసి బలం పెట్టగానే మెడ దగ్గర విరుగుతుంది. విరిగిందంటే క్యాలిపర్ విప్పి లేత్ షాపుకి పట్టుకుపోవాలి, బండి ఆ రోజుకి స్టాండ్ల మీదే. మూసేదాంట్లో ఒక్క క్షణం ఆలస్యమైనా గాలి లోపలికి పోతుంది.

బ్రదర్, ముందు ఆయిల్ ఎప్పుడు మార్చారో చూడు. రెండేళ్ల లోపల మార్చిందయితే నిప్పిల్ ముట్టుకోవద్దు. రిజర్వాయర్‌లోంచి సిరంజితో కొంచెం ఆయిల్ తీసేసి, పాత ప్యాడ్‌ని పిస్టన్‌కి అడ్డం పెట్టి, సీ క్లాంప్‌తో చాలా నిదానంగా నొక్కు. నిదానంగా అంటే క్లాంప్ అర చుట్టు తిప్పి, ఆగి, మళ్లీ అర చుట్టు. నొక్కేముందు పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు బూటు చూడు. చిరిగి లోపల తేమ కనపడితే ఆ పిస్టన్ మీద తుప్పు మచ్చలుంటాయి, అట్లాగే నొక్కితే సీలు కోసుకుని ఆయిల్ కారుతుంది. అది సీల్ కిట్టు వేసే పని, ప్యాడ్ల పని కాదు. ఒక చక్రం పూర్తయ్యాకే రెండోది విప్పు. ఒకవైపు నొక్కేటప్పుడు రెండోవైపు క్యాలిపర్ ఊడి ఉంటే దాని పిస్టన్ బయటికి తోసుకొస్తుంది.

రెండేళ్లు దాటితే ఈ చర్చే అక్కర్లేదు, నాలుగు చక్రాలకీ ఆయిల్ మొత్తం మార్చెయ్. నిప్పిల్స్‌కి ముందురోజు రాత్రి తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాలి. ఆరు మూలల సాకెట్‌తో ముందు కొంచెం బిగించే దిక్కుకి కదిపి, ఆ తర్వాత వదలాలి.

బ్రేక్ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 (బ్రేక్ ఆయిల్ గ్రేడు) కొత్తది కనీసం 230 డిగ్రీలకు గానీ మరగకూడదు, తేమ పట్టాక కొలిచే కనీస హద్దు 155 డిగ్రీలు. డాట్ 5.1కి అవే అంకెలు 260, 180. గట్టిగా బ్రేకులు వాడే కారులో క్యాలిపర్ దగ్గర పాత ఆయిల్ మరిగిందంటే ఆవిరి బుడగలు కడతాయి, పెడల్ మెత్తగా కిందకి పోతుంది. రోహిణి కార్తె ఎండల్లో నాలుగు బ్రేకులు వరసగా వేస్తే అది తెలిసిపోతుంది. కార్తీకంలో వానలు, తుపాన్లు ఉన్నప్పుడు సగం వాడిన డబ్బా అలమరలో పెట్టి ఆరు నెలల తర్వాత వాడొద్దు. సీలు విప్పని డబ్బానే కొను. డబ్బా మీద వీడబ్ల్యూ 501 14 (ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల బ్రేక్ ఆయిల్ ప్రమాణం) అని ఉంటే నీ బండికి సరిగ్గా సరిపోతుంది. డాట్ 5 అని ఒకటి దొరుకుతుంది, అది సిలికాన్ ఆయిల్. డాట్ 5.1 వేరు, డాట్ 5 వేరు. సిలికాన్‌ది ఇందులో పొయ్యకూడదు. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు, తుడిచి వదిలేస్తే రంగు లేస్తుంది.

వెనక బ్రేకుల గురించి అడిగావు. వాటి పిస్టన్‌ని సీ క్లాంప్‌తో నొక్కితే లోపలికి పోదు. బలం పెడితే లోపలున్న హ్యాండ్‌బ్రేక్ మరలు పాడై క్యాలిపరే మార్చాల్సి వస్తుంది. దాన్ని తిప్పుతూ నొక్కాలి. పిస్టన్ ముఖం మీద గుంటలుంటాయి, వాటిలో కూర్చునే విండ్‌బ్యాక్ టూల్ దొరుకుతుంది. ఈ బండికి రెండు వైపులా గడియారం ముల్లు తిరిగే దిక్కే. తిప్పేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి ఉండాలి, అంటే బండిని ఆపేది ముందు చక్రాల దిమ్మలూ గేరూ మాత్రమే. అందుకే వెనక పని వాలు మీద అసలు వద్దు. వెనక క్యాలిపర్ బోల్టులు 13 పానావి, తిప్పేటప్పుడు పిన్ను కూడా తిరక్కుండా సన్నటి 15 పానాతో పట్టుకోవాలి. అవి ఒకసారి విప్పాక పారేసి కొత్తవి వెయ్యాలి, చాలా ప్యాడ్ సెట్లలో నాలుగు బోల్టులూ వస్తాయి. బిగింపు 35. చివర్లో పెడల్ తొక్కి గట్టిపడ్డాకే హ్యాండ్‌బ్రేక్ లాగు. ఈ చర్చ చదివే వేరే కార్లవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: హ్యాండ్‌బ్రేక్ లివర్ బదులు బటన్ ఉంటే స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి పంపాకే వెనక క్యాలిపర్ ముట్టుకోవాలి.

---

చీమకుర్తి_రోడ్డు

పిన్నుల గ్రీజు సంగతి ఎవరూ చెప్పలేదండి, అందుకే రాస్తున్నాను.

మీ ముందు క్యాలిపర్‌లో పిన్ను నున్నటి ఉక్కు కడ్డీ, అది రబ్బరు బుష్‌లో పొడిగా జారేలా తయారుచేశారు. దానికి గ్రీజు పెట్టకూడదు. షెడ్లలో అలవాటుగా చక్రం బేరింగు గ్రీజు రాస్తుంటారు, ఆ పెట్రోలియం గ్రీజుకి రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన బుష్ పిన్నుని పట్టేస్తుంది. మీ లోపలి ప్యాడ్ ముందే అరగడానికి ఇది కూడా కారణమై ఉండొచ్చు. పిన్నుల మీద జిడ్డు కనపడితే పాతసారి ఎవరో రాశారన్నమాటే. అప్పుడు పిన్నులు క్లీనర్‌తో తుడిచి, బుష్‌లు నాలుగూ కొత్తవి వేసుకోండి, పెద్ద ఖర్చేమీ కాదు. పిన్ను మీద వేలిగోరు తగిలేంత తుప్పు గుంట ఉంటే పిన్ను కూడా మార్చాలి, ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ వేస్తే నాలుగు నెలల్లో మళ్లీ పడుతుంది. వెనక క్యాలిపర్ పిన్నులు వేరే రకం, ముడతల బూటు లోపల గ్రీజుతోనే ఉంటాయి. వాటికి సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి.

మన వైపు రోడ్ల మీద రెండు రకాల ఇబ్బంది ఉంది. చీమకుర్తి క్వారీల చుట్టూ తిరిగే బండ్లకి గ్రానైట్ పొడి. వానకి తడిసి బురదై క్యారియర్ గాడిలో చేరుతుంది, ఎండాక గట్టిపడి ప్యాడ్ చెవిని బిగిస్తుంది. డిస్కు మీద వలయాలుగా గీతలు పడేది కూడా దానివల్లే. మైపాడు, కొత్తపట్నం వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి. రాత్రి నిలబెట్టిన బండికి పొద్దున డిస్కు మీద ఎర్రటి పొర కడుతుంది. అది నాలుగు బ్రేకులకి పోతుంది, కంగారక్కర్లేదు. పోనిది డిస్కు అంచున, ప్యాడ్ తగలని చోట కట్టే తుప్పు గట్టు. కొత్త ప్యాడ్ పాతదానికన్నా కొంచెం వెడల్పుగా ఉంటే ఆ గట్టు మీద ఎక్కి కూర్చుని గరగరమంటుంది, ముఖం పూర్తిగా ఆనదు.

ఆ గట్టు వల్లే చాలామంది డిస్కు మందం తప్పుగా కొలుస్తారు. వెర్నియర్ దవడలు గట్టు మీద ఆని, డిస్కు ఇంకా మందంగా ఉన్నట్టు చూపిస్తాయి. మైక్రోమీటర్ లేకపోతే ఒకే రకం నాణేలు రెండు తీసుకోండి. రెండూ కలిపి మందం ఎంతో ముందు కొలిచి రాసుకోండి. తర్వాత డిస్కుకి అటొకటి ఇటొకటి, అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి ఆనించి మొత్తం కొలిచి, నాణేల మందం తీసెయ్యండి. డిస్కు చుట్టూ నాలుగైదు చోట్ల చూడండి. మీ ముందు డిస్కు కొత్తది 25 మిల్లీమీటర్లు, హద్దు 22. హద్దు అంకె డిస్కు మీదే పోసి ఉంటుంది, తుప్పు గీకితే కనపడుతుంది. ప్యాడ్‌కయితే లోహపు పలక వదిలేసి 2 మిల్లీమీటర్లు హద్దు. గట్టిగా నడిపే బండికి అంతదాకా ఆగొద్దు. ప్యాడ్ పల్చబడేకొద్దీ వేడి నేరుగా పిస్టన్‌కీ ఆయిల్‌కీ చేరుతుంది.

ఇంకొకటి. విప్పగానే ఎయిర్ గన్నుతో దుమ్ము ఊదడం మన షెడ్లలో అలవాటు, దయచేసి అది చెయ్యకండి. బ్రేకు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నం. కింద పాత ట్రే పెట్టి క్లీనర్‌తో తడిపి కడగండి, మాస్కు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

---

సింహపురి_ఆర్ఎస్

చాలా థాంక్స్ అన్నా అందరికీ. ఎడమ చక్రం ఒక్కటి విప్పి చూసి మళ్లీ బిగించా. కనెక్టర్ బాగానే ఉంది. లోపలి ప్యాడ్ సెన్సర్ దాకా అరిగిపోయింది, ఒకటిన్నర కూడా లేదు. కింది పిన్ను చేత్తో లాగితే రాలేదు, పట్టకారుతో తిప్పి తియ్యాల్సొచ్చింది, నల్లటి జిడ్డు ఉంది. నాణేలు పెట్టి కొలిస్తే డిస్కు అన్నిచోట్లా 23.1 వచ్చింది. బండి రికార్డులు చూస్తే డిస్కులు కంపెనీ నుంచి వచ్చినవే. 22 హద్దు కాబట్టి ఈ డిస్కుల మీదే కొత్త ప్యాడ్లు వేసేదా? ఇంకొకటి, కొత్త ప్యాడ్లు వేశాక వాటిని డిస్కుకి అలవాటు చేసేదాన్ని బెడ్డింగ్ అంటారు కదా, అది ఎక్కడ, ఎట్లా చెయ్యాలి?

---

కావలి_టార్క్

పిన్నులు, బుష్‌లు రెండువైపులా కొత్తవి తెప్పించు తమ్ముడూ, కుడివైపు బాగున్నట్టు కనపడినా సరే. చీమకుర్తి ఆయన చెప్పింది కరెక్టు, పొడిగానే వెయ్. నేను పేస్టు చెప్పింది ప్యాడ్ చెవులకి మాత్రమే. ఒకటిన్నర కూడా లేదంటే ఇంక బండి తిప్పొద్దు, సామాన్లు వచ్చేదాకా నిలబెట్టు.

డిస్కులు 25 నుంచి 23.1కి వచ్చాయి, ఇంకా 1.1 మిగిలింది. కొత్త ప్యాడ్లు సగం అరిగేటప్పటికే హద్దు తాకే అవకాశం ఎక్కువ. అప్పుడు డిస్కు మార్చాలంటే సగం అరిగిన ప్యాడ్లని కూడా పారెయ్యాలి, ఎందుకంటే పాత డిస్కు గీతలకు అమరిన ప్యాడ్ కొత్త డిస్కు మీద సమంగా ఆనదు. ఇప్పుడే రెండు డిస్కులూ మార్చెయ్. ఒకటి మాత్రం మార్చొద్దు.

డిస్కు తియ్యాలంటే క్యారియర్ విప్పాలి. ఆ బోల్టులు బాగా బిగువుగా ఉంటాయి, పొడవు పిడి కావాలి, బండి కచ్చితంగా స్టాండ్ల మీద ఉండాలి. వర్క్‌షాప్ మాన్యువల్‌లో వాటి టార్క్ చూసి రాసుకున్నాకే మొదలుపెట్టు. డిస్కుని హబ్బుకి పట్టుకునేది ఒక్క చిన్న టీ30 స్క్రూ (నక్షత్రం గుంట తల). మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడు. హబ్బు ముఖం మీద తుప్పు ఏమాత్రం మిగలనివ్వొద్దు. ఇసుక రేణువంత తుప్పు అక్కడ ఇరుక్కున్నా డిస్కు అంచున ఊగిసలాట పెద్దదవుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకి స్టీరింగ్ వణుకుతుంది. జనం దాన్ని డిస్కు వంగిందంటారు. కొత్త డిస్కుల మీద నూనె పూత ఉంటుంది, రెండు ముఖాలూ క్లీనర్‌తో కడిగాకే ఎక్కించు.

బెడ్డింగ్ హైవే మీద వద్దు. వెనక అంటుకుని లారీలు వస్తుంటాయి, ఎదురుగా రాంగ్ రూట్లో బైకులొస్తాయి. పోర్టు రోడ్డూ అంతే. తెల్లారుజామున ఊరి బయట సూటిగా, ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకో. ముందు 30, 40 వేగంలో నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు వేసి అంతా సరిగా పడుతుందా లేదా చూడు. తర్వాత 80 నుంచి 30కి, ఏబీఎస్ తగలకుండా, మధ్యస్థంగా ఒకే బలంతో నొక్కి తగ్గించు. పూర్తిగా ఆపొద్దు. మళ్లీ 80కి వెళ్లి అర నిమిషం పైన గాలి తగలనిచ్చి, ఇంకోసారి. ఎనిమిది నుంచి పదిసార్లు చాలు. ఆ తర్వాత పది నిమిషాలు బ్రేకు అవసరం రాకుండా నడిపి చల్లార్చు. డిస్కులు వేడిగా ఉన్నప్పుడు ఆగి పెడల్ మీద కాలు ఉంచితే ప్యాడ్ మెటీరియల్ ఆ ఒక్క చోటే డిస్కుకి అంటుకుని మచ్చ కడుతుంది, ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ దడదడలాడుతుంది. ఇంటికి రాగానే నీళ్లు కొట్టడం కూడా వద్దు, చల్లారాక కడుక్కో.

---

ఒంగోలు_గేర్‌బాక్స్

బెడ్డింగ్ నుంచి వచ్చాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడు, రెండు ముందు చక్రాల వేడి ఇంచుమించు ఒకటేలా ఉండాలి. డిస్కుని తాకొద్దు, కాలుతుంది. చక్రం మధ్యభాగం దగ్గర వేడి తెలిస్తే చాలు. ఎడమది ఇంకా ఎక్కువ వేడిగా ఉంటే పిన్ను సంగతి తేలిపోయినట్టే కాబట్టి అనుమానం రబ్బరు గొట్టం మీదకి పోతుంది. తేల్చడం తేలికే. బండి చల్లారాక ఎడమ చక్రం లేపి, పెడల్ తొక్కి వదిలి, చేత్తో తిప్పు. బిగుసుకుని ఉంటే నిప్పిల్ కొంచెం వదులు చెయ్. చుక్క ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే వదులైతే ఆయిల్ వెనక్కి పోయే దారి మూసుకుంది, గొట్టం మార్చాలి. నిప్పిల్ తెరిచినా వదులు కాకపోతే పిస్టన్ పట్టింది.

చక్రం బోల్టులు 50 నుంచి 100 కిలోమీటర్ల లోపల మళ్లీ 120కి చూసుకో. రిజర్వాయర్‌లో ఆయిల్ గరిష్ఠ గీత దాటి ఉంటే సిరంజితో తీసెయ్. ప్యాడ్లు అరిగినప్పుడు ఎవరైనా పైన కలిపి ఉంటే ఇప్పుడు అది పైకి వస్తుంది. మొదటి రెండు వందల కిలోమీటర్లు ముందు బండికి మామూలుకన్నా ఎక్కువ దూరం ఇచ్చి నడుపు.